వీణ నుండి వాద్యబృందానికి

'కండక్టరు' అనే మాట మన దేశంలో బస్సులో టిక్కెట్లు ఇచ్చే ఉద్యోగికి అంటుకొనిపోయినది. సంగీతంలో ఆ మాటకున్న అర్థాన్ని తెలుపవలసి వచ్చినప్పుడు సంచాలకుడనీ, నిర్వాహకుడనీ, బృందనాయకుడనీ తలా ఒక మాట వాడుతున్నాము. వానిలో ఏదీ కుదురుకొనలేదు. ఇది భాషకు పట్టిన లోపమని నేననుకోను. మాట సూచించే పదవియే మన సంగీతంలో కుదురుకొనకపోతే మాట మాత్రం ఎట్లు కుదురుకొంటుంది? మన కచేరీలో గాయకుడు గాని వైణికుడు గాని మధ్య కూర్చుంటాడు. పక్క వాద్యాలు అతని మనోధర్మాన్ని కనిపెట్టి అనుసరిస్తవి. అతడే కర్త, అతడే నాయకుడు, అతని గొంతో వ్రేళ్లో అక్కడి శాసనం. తాను ఏ వాద్యాన్నీ ముట్టక, నోరు విప్పక, కేవలం చేతి కదలికతో ఇతరులచేత నాదం పలికించే మనిషి మన సంప్రదాయంలో లేడు. ఇరవయ్యవ శతాబ్దంలో అట్టి మనిషిని మనం కల్పించుకోవలసి వచ్చినది.

అట్లు కల్పించుకొన్నవారిలో ఒకడు తెలుగు వైణికుడు ఈమని శంకరశాస్త్రి. వైణికుడుగా ఆయన కీర్తి సుస్థిరమైనది. చిట్టిబాబుకు గురువుగా కూడ ఆయనను లోకం ఎరుగును. కాని బృందనాయకుడుగా ఆయన చేసిన పనిని వీణను తూచినంత శ్రద్ధగా మనం తూచలేదని నా అభిప్రాయం. ఆ జీవితఖండాన్ని వీణకు అనుబంధంగా, ఉద్యోగ విశేషంగా ఒక వాక్యంలో చెప్పి దాటిపోవడం అలవాటైనది. ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి చూడడానికి చేసిన ప్రయత్నం.

ఈ విషయాన్ని భిలాయిలో కూర్చుండి వ్రాయడంలో ఒక సౌలభ్యమూ ఒక ప్రమాదమూ ఉన్నవి. ముందు ప్రమాదం చెబుతాను. ఉక్కు పట్టణంలో ఉన్నవానికి వాద్యబృందం అనగానే కర్మాగారం ఉపమానంగా తోస్తుంది. బెంగాలీ, తెలుగువాడు, మలయాళీ, పంజాబీ, చుట్టుపట్ల ఛత్తీస్‌గఢ్ పల్లెల నుండి వచ్చిన కూలీ, వారి మధ్య రష్యా దేశపు ఇంజనీరు - ఇందరి చేతులు ఒక్క కాలప్రమాణానికి లోబడి పని చేసినవి గనుక, ఇదియే ఒక మహావాద్యబృందం అని సభలలో చెప్పడం సులభం. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని ఉపమానం ఒక్క అడుగు వేయగానే కుంటుపడుతుంది. భిలాయి నుండి వెలువడే రైలు పట్టాలు ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా రావడం కార్ఖానాకు ఘనత. ఒకే రచన పదిసార్లు వెంట్రుకవాసి తేడా లేకుండా రావడం వాద్యబృందానికి ఘనత కాదు. అది గ్రామఫోను రికార్డు చేయగల పని.

సౌలభ్యం మరొకటి. భిలాయి కర్మాగారమూ, మన జాతీయ వాద్యబృందమూ ఒకే దశాబ్దపు బిడ్డలు. ఆకాశవాణి ఢిల్లీలో 'వాద్యవృంద' అనే పేరుతో జాతీయ వాద్యబృందాన్ని 1952లో నెలకొల్పినది. సోవియట్ యూనియన్‌తో భిలాయి ఒడంబడిక 1955లో జరిగినది. మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించినారు. ప్రణాళికల కాలం అది. దేశానికి లేనివానిని పూనికతో నిర్మించుకోగలమనే విశ్వాసం ఆనాటి గాలిలో ఉన్నది. ఉక్కు లేదు, నిర్మించినారు. ఆనకట్టలు చాలవు, కట్టినారు. స్వరరచనను బట్టి నలుగురు కలిసి వాయించే సంప్రదాయం శాస్త్రీయ సంగీతంలో లేదు. దానిని కూడ నిర్మించవలెనని సంకల్పించినారు. ఈ సంకల్పాన్ని ఇప్పుడు పరిహసించడం తేలిక. అయితే దానిని నెరవేర్చే భారం కొద్దిమంది సంగీతజ్ఞుల భుజాల మీద పడినదన్న సంగతి మరువరాదు. ఇంజనీరుకు నమూనాలు ఉన్నవి, నేర్పే దేశం ఉన్నది. వీరికి రెండూ లేవు.

పూర్తిగా లేవనడం కూడ న్యాయం కాదు. భిలాయివలెనే ఒకప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉన్నదీ, ఇప్పటికీ ఆ రాష్ట్రంలోనే ఉన్నదీ అయిన మైహర్‌లో ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ అంతకు ముప్పది ఏండ్లకు పైగా ముందే ఒక బృందాన్ని తీర్చినారు. ఆయన సరోద్ విద్వాంసుడుగా ప్రసిద్ధుడు గాని, యౌవనంలో కలకత్తాలో హాబూదత్తు ఆర్కెస్ట్రాలో వాయించినవాడు, గోవా నుండి వచ్చిన బ్యాండు మాస్టరు లోబో దగ్గర వయొలిన్ నేర్చినవాడు. మహమ్మారి వలన తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలను చేరదీసి, వారి చేతులకు వాద్యాలిచ్చి, మైహర్ సంస్థానంలో బ్యాండు నిలిపినారు. తుపాకి గొట్టాలను కోసి శ్రుతిపరచి 'నల్‌తరంగ్' అనే వాద్యాన్ని కూడ కల్పించినారు. ఇనుము సంగీతమైన ఆ సంగతి ఉక్కు పట్టణంలో ఉన్నవారికి ప్రత్యేకంగా నచ్చుతుంది. అయితే మైహర్ బ్యాండు రహస్యం వాద్యంలో లేదు. ఆ పిల్లలందరికీ గురువు ఒక్కడు. గమకం ఏ దారిన పోవలెనో, స్వరం ఎంత సేపు నిలువవలెనో ఆ ఒక్కని నోటి నుండి విన్నారు. ఇరవైమంది కలిసి వాయించినా అది ఒక్క ఇంటి మాట. గురుకులం ఆర్కెస్ట్రా రూపం ధరించినదన్న మాట.

ఢిల్లీలో ఆ వీలు లేదు. అక్కడి బృందంలో సితారు, సరోద్, సారంగి ఒకవైపు. వీణ, కర్ణాటక పద్ధతి వయొలిన్, మృదంగం మరొకవైపు. ఒక్కొక్కరిది ఒక్కొక్క గురుపరంపర. 1949 నుండి 1956 వరకు ఆకాశవాణిలో పనిచేసిన రవిశంకర్ ఈ బృందానికి తొలి నాయకుడైనాడు. కర్ణాటక సంగీత విభాగాన్ని టి. కె. జయరామయ్యర్ నడిపినారు. పిమ్మట వేణుగాన విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ 1956లో వచ్చి, 1960లో మరణించే వరకు ఆ స్థానంలో ఉన్నారు. 'కళింగ విజయ్', 'ఋతురాజ్' ఆయన కూర్చిన బృందరచనలు. శంకరశాస్త్రి 1961లో ఢిల్లీ చేరినారు. ముప్పది తొమ్మిదవ ఏట అన్నమాట.

ఆయన పుట్టినది 1922లో, ద్రాక్షారామంలో. తండ్రి అచ్యుతరామశాస్త్రి గొప్ప వైణికుడు. వీణ ఇంటిలో పుట్టినప్పటి నుండి వినవచ్చిన విద్య. ఇంతవరకు ఇది మన సంగీతవిద్వాంసుల జీవితచరిత్రలన్నిటికీ సమానమైన మొదటి పుట. రెండవ పుట వేరు. ఆయన మద్రాసు వెళ్లి జెమినీ స్టూడియోలో చేరినాడు. శుద్ధ సంప్రదాయవాదులు ఈ పుటను గబగబ తిరగవేస్తారు. నా దృష్టిలో బృందనాయకుడు పుట్టినది అక్కడే. ఆ రోజులలో మద్రాసు చలనచిత్ర స్టూడియో తప్ప దక్షిణదేశంలో పాశ్చాత్య వాద్యాలూ మన వాద్యాలూ ఒకే గదిలో ప్రతిదినం కలిసి వాయించే చోటు మరొకటి వెదకినా దొరకడం కష్టం. గడియారం చూచి పని ముగించవలె. చదివి వాయించేవానికి కాగితం, వినియే వాయించేవానికి నోటితో పాఠం. మైకు ముందు ఏ వాద్యం ఎంత దూరంలో ఉండవలెనో తెలియవలె. పది క్షణాల సన్నివేశానికి పది క్షణాల సంగీతమే కూర్చవలె, పదునొకండవ క్షణం లేదు. విద్వాంసుని అహంకారాన్ని ఇంతకంటె బాగా అణచగల పాఠశాల లేదు. 1959లో మద్రాసు ఆకాశవాణి కేంద్రంలో చేరేనాటికి ఆయనకు కచేరీ విద్యతోపాటు ఈ విద్య కూడ అబ్బినది.

ఇక అసలు ప్రశ్న. వైణికుడు నాయకుడైనందువలన బృందానికి కలిగినదేమి?

మన సంగీతాన్ని బృందానికి ఎక్కించడంలో ఉన్న చిక్కు స్వరాల సంఖ్యలో లేదు, స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న దారిలో ఉన్నది. పాశ్చాత్య స్వరలిపిలో స్వరం ఒక మెట్టు. మన గాంధారం తోడిలో ఒక స్థానంలో నిలిచి ఉండదు; ఊగుతుంది. ఆ ఊపు ఎక్కడ మొదలై ఎంత మేరకు పోయి ఎంత వేగంతో తిరిగి వస్తుందో అదియే రాగం. ఒక్క వయొలిన్ ఆ ఊపును పలికితే ప్రాణం. పది వయొలిన్లు పది విధాలుగా పలికితే అది గందరగోళం. పది వయొలిన్లూ ఊపు మానివేసి మెట్ల మీద నిలబడితే శ్రుతి శుభ్రంగా ఉంటుంది, రాగం ఉండదు. జాతీయ వాద్యబృందాన్ని గురించి విద్వాంసులు చేసిన ఫిర్యాదులను ఏకరువు పెట్టుకొంటే అన్నీ ఈ రెండు కొసలలో ఏదో ఒకదానికి చేరుతవి.

వైణికుడికి ఈ సమస్య కంటికి కనిపిస్తుంది. గాత్రజ్ఞుడు గమకాన్ని గొంతులో అనుభవిస్తాడు గాని దానిని కొలిచి చూపలేడు. వీణలో గమకానికి కొలత ఉన్నది. ఒక మెట్టు మీద వ్రేలు ఉంచి తంత్రిని పక్కకు లాగితే ఎంత దూరం లాగినామో అంత స్వరం పలుకుతుంది. ఎక్కడ బయలుదేరినది, ఎక్కడకు చేరినది, తిరిగి ఎక్కడ నిలిచినది - అంతా చేతి పని, చేతికి లెక్క. ఇట్టి విద్యలో పెరిగినవాడు పది వయొలిన్లకు చెప్పగల మాట వేరుగా ఉంటుంది. 'భావంతో వాయించండి' అనే మాట బృందానికి పనికిరాదు. 'ఇక్కడ నుండి ఇక్కడికి, ఇంతలో' అనే మాట పనికివస్తుంది. జాతీయ వాద్యబృందానికి శంకరశాస్త్రి వంటి వైణికుడు దొరకడం అందువలన కేవలం పాలకుల ఎంపికలో కలిగిన యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. గమకాన్ని చేతితో కొలిచే విద్యకు బృందనాయకత్వం దూరపు చుట్టం కాదు. సన్నని గమకానికీ, గొంతు పలికినట్లు పలికే వీణకూ పేరుపొందిన మనిషి ఆయన. ఆ సన్నదనాన్ని ఎంతమందికి పంచగలడు అన్నదియే ఆయన నాయకత్వానికి పరీక్ష.

పంచుకొనరాని చోట ఏమి చేయవలె? ఇక్కడ బృందరచయితలందరూ ఎంచుకొన్న మార్గం ఒకటి ఉన్నది. గమకబాహుళ్యం ఉన్న భాగాన్ని ఒక్క వాద్యానికి అప్పగించి, తక్కిన బృందాన్ని దాని వెనుక నేపథ్యంగా నిలపడం. వినడానికి బాగుంటుంది; సమస్యను పరిష్కరించదు, తప్పిస్తుంది. అప్పుడది బృందసంగీతం కాదు, పెద్ద పరివారంతో వచ్చిన ఏకవాద్య కచేరీ.

మరొక తప్పించుకొను మార్గం ఇతివృత్తం. మన వాద్యబృంద రచనల పేర్లు చూడండి: కళింగ విజయం, వసంతాగమనం, శిఖరారోహణం. శంకరశాస్త్రి కూడ ఎవరెస్టు శిఖర విజయాన్ని ఆధారంగా గైకొని 'ఆదర్శ శిఖరారోహణం' అనే రచన కూర్చినారు. కథ ఉంటే రచనకు ఆద్యంతాలు దొరుకుతవి. ఎక్కడ మంద్రం, ఎక్కడ తారం, ఎక్కడ తాళవాద్యాల హోరు అన్నది కథ చెబుతుంది. పర్వతం ఎక్కడం ఆరోహణ క్రమానికి సహజంగా ఒదిగే ఇతివృత్తం గదా! 1953లో టెన్సింగ్, హిల్లరీ శిఖరం చేరిన తరువాత ఆ విజయం మీద ఈ దేశానికున్న మమకారం కూడ తోడైనది. అయినను విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. కథ తీసివేస్తే రచన నిలుస్తుందా? రాగం ఆలాపన, తానం, పల్లవి అనే తన సొంత నడకతో గంటసేపు నిలువగలదు; దానికి కొండ అక్కరలేదు. బృందానికి అట్టి సొంత నడక ఏదో మనం కనుగొనలేదు గనుకనే కొండను అరువు తెచ్చుకొన్నాము. ఇందులో చలనచిత్ర నేపథ్యసంగీతపు వాసన ఉన్నదని కొందరు అంటారు. ఉన్నది. స్టూడియో ఇచ్చిన శిక్షణకు అది చెల్లించిన మూల్యం. పన్నాలాల్ ఘోష్‌ది కూడ చలనచిత్రాలలో పనిచేసిన చేయియే. శంకరశాస్త్రి తరువాత కొద్ది కాలానికి, 1963లో, ఈ బృందానికి దర్శకుడుగా వచ్చిన అనిల్ బిశ్వాస్ అయితే హిందీ చిత్రసంగీతానికి పెద్దదిక్కులలో ఒకడు. జాతీయ బృందాన్ని నడపడానికి చిత్రసీమ ముద్ర ఉన్నవారు వరుసగా రావడం కాకతాళీయం కాదు. బృందవాద్య విద్య దేశంలో నిలువ ఉన్న చోటు అది.

ఇక్కడ దూరదేశపు జీవితమొకటి పక్కన పెట్టి చూస్తే మన బృందనాయకుని కష్టం తేటపడుతుంది. తైవాన్‌లో 1960లో పుట్టిన లూ షావ్‌జియా అక్కడి జాతీయ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివినవాడు. తొలుత పియానో, పిమ్మట తైపేలో చెన్ చ్యూషెంగ్ ప్రోత్సాహంతో బృందనాయకత్వం. అమెరికాలోనూ వియన్నాలోనూ చదువు. 1988లో ఫ్రాన్సులోని బెజాన్సన్‌లో, 1991లో ఇటలీలోని ట్రెంటోలో, 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బృందనాయకుల పోటీలలో ప్రథముడు. బెర్లిన్‌లో ఒక సంగీతనాటకశాలలో కొలువు, ఆ మీదట కోబ్లెంజ్ నగరపు ఆర్కెస్ట్రా, 2001 నుండి 2006 వరకు హానోవర్ సంగీతనాటకశాల. చివరకు 2010 నుండి 2020 వరకు స్వదేశంలో జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రాకు సంగీతదర్శకుడు. ఒక ఊరి నుండి మరొక ఊరికి, ఒక మెట్టు నుండి పై మెట్టుకు పోయిన జీవితం. దీనిని చదివినప్పుడు ఆశ్చర్యం కలిగించేది ఆయన ప్రతిభ కాదు, ఆయన ఎక్కిన మెట్లు ముందుగానే అక్కడ ఉండడం. పోటీలు ఉన్నవి, ప్రతి నగరానికీ ఆర్కెస్ట్రా ఉన్నది, చిన్న నగరం నుండి పెద్ద నగరానికి బాట ఉన్నది. అన్నిటికంటె ముఖ్యంగా, ఏ నగరానికి వెళ్లినా బీఠోవెన్ స్వరలిపి ప్రతి అదే. వాద్యకారుల ముందు ఉన్న కాగితం ఆయన రాకకు ముందే ఉన్నది, వెళ్లిన తరువాత కూడ ఉంటుంది. ఆయన పని దానికి అర్థం చెప్పడం. మరొకడు మరొక అర్థం చెబుతాడు. ఆ రెంటినీ పోల్చి చూడగల శ్రోతలు ఉన్నారు గనుక బృందనాయకుని గొప్పతనం ఏమిటో లోకానికి తెలుస్తుంది.

మన బృందనాయకుడికి మోయవలసిన బరువు రెట్టింపు. వాయించవలసిన రచన అతడే కూర్చుకోవలె. కూర్చినదానిని చదవలేని వాద్యకారులకు అతడే నేర్పవలె. ఆపైన నడిపించవలె. పదవి విడిచిన నాడు రచన కూడ అతనితోపాటు గది దాటిపోతుంది. పన్నాలాల్ ఘోష్ 'ఋతురాజ్'ను శంకరశాస్త్రి తన అర్థంతో మళ్లీ వినిపించి, దానిని ఇంకొకరు ఇంకొక అర్థంతో వినిపించి, శ్రోతలు మూడింటినీ తూచి చూచే సంప్రదాయం మనకు ఏర్పడలేదు. త్యాగరాజ కృతి విషయంలో మనం చేసేది సరిగా ఇదే గదా! ఒకే కృతిని పదిమంది నోట విని తూచడం మన సంగీతశ్రోతకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య బృందరచనకు మాత్రం అందలేదు. అందువలన శంకరశాస్త్రి బృందనాయకుడుగా ఎంతటివాడో చెప్పమంటే మనం ఆయన స్వీయరచనలనే చూపవలసి వస్తున్నది. అది రచయితకు పరీక్ష గాని నాయకునికి కాదు. రెంటినీ విడదీయడానికి అవకాశమే ఇవ్వని వ్యవస్థ మనది.

ఒక్క మాట న్యాయానికి చెప్పవలె. లూ నడిపినది పాశ్చాత్య ఆర్కెస్ట్రా. దానితో మన వాద్యవృందను నేరుగా పోల్చడం సమంజసం కాదు. తైవాన్‌లోనే మనదానికి సాటి రాదగిన మరొక మార్గం కూడ ఉన్నది. 1979లో తైపేలో నెలకొన్న చీనా వాద్యాల ఆర్కెస్ట్రా అట్టిది. చీనా వాద్యబృందాల చరిత్ర కూడ రేడియోతో ముడిపడినదే. 1930ల నాటి నాన్‌కింగ్ ప్రసారకేంద్రం ఆ ప్రయత్నానికి మొదటి ఆటపట్టులలో ఒకటి. వారు మంద్రస్థాయికి కొత్త తంత్రీవాద్యాలు నిర్మించుకొన్నారు, పాతవానిని సమశ్రుతికి సవరించుకొన్నారు, స్వరలిపిని వాద్యకారుని కనీస విద్యగా చేసినారు. మూల్యం చెల్లించినారు, వాద్యాల సహజధ్వని కొంత పోయినదని అక్కడి పెద్దలు నొచ్చుకొంటారు. మనం మూల్యం చెల్లించడానికి ఇష్టపడలేదు. వీణను సవరించమంటే శంకరశాస్త్రి వంటి వైణికుడు ఒప్పుకొంటాడని నేను ఊహించలేను. ఒప్పుకొని ఉండకపోవడం మంచిదే. కాని మూల్యం ఇవ్వనివాడికి సరుకు సగమే వస్తుంది.

మరొక అడ్డంకి రేడియో. పాశ్చాత్యదేశంలో బృందనాయకుణ్ణి ప్రేక్షకులు చూస్తారు. అతని వీపు, భుజం, చేతి బెత్తం కదలిక - వీని ద్వారా సంగీతం పుడుతున్నట్లు కంటితో గ్రహిస్తారు. మనవాడు తలుపులు బిగించిన స్టూడియోలో నిలబడినాడు. ఇంటిలో రేడియో ముందు కూర్చున్న శ్రోతకు వాద్యాలు వినిపించినవి గాని చేయి కనిపించలేదు. కనిపించని చేతిని ఎవరు జ్ఞాపకం ఉంచుకొంటారు? శంకరశాస్త్రి వీణ పట్టి వేదిక మీద కూర్చున్నప్పుడు మనిషీ నాదమూ ఒకటే. ఆ రూపం జనం మనస్సులో నిలిచినది. 1974లో పద్మశ్రీ వచ్చినప్పుడు కూడ జనం చప్పట్లు కొట్టినది వైణికునికే.

బృందనాయకుడు కనిపించడం అన్న మాట వచ్చినది గనుక భిలాయి వైపు మరల చూడవలసి ఉన్నది. ఈ ఊరి పేరును సంగీతలోకంలో మోసినవారిలో ఇద్దరిని ఒకే సంవత్సరం, 2019లో, దేశం సన్మానించినది. ఒకరు సితారు విద్వాంసుడు బుధాదిత్య ముఖర్జీ. 1955లో ఇక్కడ పుట్టి, లోహశాస్త్రంలో ఇంజనీరు పట్టం పుచ్చుకొని, సితారుకు అంకితమైనవాడు. తండ్రి బిమలేందు ముఖర్జీ ఈ కర్మాగారంలో ఉద్యోగి. తరువాత ఖైరాగఢ్ సంగీత విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడు. రెండవవారు తీజన్ బాయి. భిలాయికి దగ్గరలోని గనియారీ గ్రామంలో పుట్టి, తాత బ్రిజ్‌లాల్ నోట మహాభారతం విని నేర్చి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ దేశదేశాలలో పండవానీ వినిపించిన మనిషి. పద్మవిభూషణ్ ఆమెకు, పద్మభూషణ్ ఆయనకు.

తీజన్ బాయిని గాయనిగా, కథకురాలిగా, నటిగా పొగిడినారు. ఆమెను బృందనాయకురాలుగా చూచినవారు తక్కువ. ఆమె అవలంబించినది కాపాలిక శైలి. అనగా నిలబడి, నడుస్తూ, అభినయిస్తూ చెప్పేది. స్త్రీలు కూర్చుండి చెప్పే వేదమతి శైలికే పరిమితమై ఉండగా ఆమె లేచి నిలబడినది. చేతిలో తంబూరా. అది ఒక క్షణం శ్రుతి, మరు క్షణం భీముని గద, ఆ మరు క్షణం అర్జునుని విల్లు. ఇది అందరూ చెప్పేదే. వెనుక కూర్చున్నవారిని చూడండి. హార్మోనియం, తబలా, ఢోలక్, మంజీరాలు, నడుమ 'ఊఁ' కొట్టి కథను ముందుకు తోసే రాగీ. వారి చూపు కాగితం మీద లేదు. ఆ తంబూరా మీద ఉన్నది. తంబూరా పైకి లేచినప్పుడు తాళం బిగుసుకొంటుంది. భుజం మీదికి వాలినప్పుడు హార్మోనియం ఒక్కటే మిగులుతుంది. ఆమె హఠాత్తుగా ఆగితే బృందమంతా ఒక్కటిగా ఆగుతుంది. బెత్తం చేయవలసిన పని అంతా తంబూరా చేస్తున్నది. అయితే బెత్తం మౌనం, ఇది నాదం.

దీనిని ఆర్కెస్ట్రా అనను. అరడజను మంది బృందానికీ జాతీయ వాద్యబృందానికీ మధ్య దూరం ఎంతో నాకు తెలియును. జానపదంలో అన్నీ ఉన్నవని చెప్పి శాస్త్రీయ సంగీతపు సమస్యలను చాపకిందికి నెట్టేవారితో నాకు పొత్తు లేదు. కాని శంకరశాస్త్రి ఎదుర్కొన్న చిక్కుకు ఇక్కడ ఒక సూచన ఉన్నదనిపిస్తుంది. నాయకుడు నాదానికి ఎదుట నిలబడి దానిని శాసించడం యూరపు పద్ధతి. నాదం లోపల నిలబడి దానిని నడిపించడం మన పద్ధతి. పండవానీలోనే గాక మన ప్రతి కచేరీలోనూ జరిగేది అదే. జాతీయ వాద్యబృందం మొదటి పద్ధతి వేషాన్ని ధరించి రెండవ పద్ధతి మనుషులతో పని చేయవలసి వచ్చినది. వీణ వ్రేళ్లలో ఉన్న మనిషిచేత వీణ విడిపించి, ఎదుట నిలబెట్టినారు. ఆయన వీణతో బృందం మధ్య కూర్చుండి నడిపి ఉంటే ఏమయ్యేది? పరివారంతో వచ్చిన ఏకవాద్య కచేరీ అయ్యేదని నేనే పైన అన్నాను. ఆ ప్రమాదం నిజమే. తీజన్ బాయి దగ్గర ఆ ప్రమాదం లేకపోవడానికి కారణం ఒకటి తోస్తున్నది. ఆమె వెనుకనున్నవారందరికీ కథ తెలియును. ఏ పర్వంలో ఏ ఘట్టం ఎట్లు నడుస్తుందో ఒక్కొక్కరికీ కంఠస్థం. నాయకురాలి చేతిలో ఉన్నది వేగమూ విరామమూ మాత్రమే, వస్తువు అందరిదీ. మైహర్‌లో గురువు ఒక్కడు గనుక వస్తువు అందరిదీ అయినది. యూరపులో స్వరలిపి ప్రతి అందరి ముందూ ఉన్నది గనుక అందరిదీ అయినది. ఢిల్లీలో మాత్రం వస్తువు నాయకునిదొక్కనిదే. ఆ వారం కూర్చినది ఆ వారం నేర్చి, వాయించి, పై వారానికి మరొకటి నేర్వవలె.

శంకరశాస్త్రి 1987లో మరణించినారు. వీణలో ఆయన బాణీ శిష్యుల చేతులలో నిలిచినది. ఒక శిష్యుడు తప్పు వాయిస్తే మరొకడు దిద్దగలడు. బృందరచనల విషయంలో దిద్దేవాడు లేడు, ఎందుకంటె వాయించేవాడు లేడు. ధ్వనిముద్రణలు రచనను దాచగలవు గాని మరొక నాయకుని చేతికి అందించలేవు. దానికి కావలసినవి కాగితం మీద ప్రతి వాద్యానికీ విడివిడిగా వ్రాసిన స్వరలిపి ప్రతులు, గమకానికి సంకేతాలు, ఎక్కడ ఏకవాద్యం ఎక్కడ బృందమో తెలిపే వివరాలు. కవి సమగ్రరచనలు అచ్చువేయడం మన సాహిత్యసంస్థలకు అలవాటే. పన్నాలాల్ ఘోష్, శంకరశాస్త్రి, అనిల్ బిశ్వాస్ వంటి నాయకులు కూర్చిన బృందరచనలలో ఒక పది ఎన్నుకొని, స్వరలిపితో అచ్చువేయిస్తే, ఏ సంగీతకళాశాలలోనైనా పిల్లలు వానిని మేజాల మీద పరచుకొని వాయించవచ్చును. భిలాయికి పొరుగున ఖైరాగఢ్ ఉన్నది. 1956లో నెలకొన్న విశ్వవిద్యాలయం. హిందుస్తానీ, జానపద సంగీతాలు రెండూ నేర్పే చోటు. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఎవరెస్టు మీద కూర్చిన రచనను అక్కడి విద్యార్థులు, ఆయనను ఎన్నడూ చూడనివారు, తమకు తోచిన వేగంతో నడిపి చూడవలె. శిఖరం ఎక్కేచోట వారు ఆయన కంటె నెమ్మదిగా నడిపితే, ఎందుకు నడిపినారని మనం తగవులాడుకోవచ్చును.